ఫిలిప్పీను స్వరకర్త నికనోర్ అబెలార్డో

రాగమునకు రూపము కల్పించి చూచుట మన దేశమున పాతకాలపు అలవాటు. రాజస్థానమునందును దక్కనునందును చిత్రకారులు రాగమాలలు వ్రాసినారు. వానిలో తోడి యన్నచో వీణ చేతబట్టి లేళ్ళ నడుమ నిలిచిన స్త్రీ. కనుక సంగీతమునకును చిత్రలేఖనమునకును గల చుట్టరికమును గూర్చి ఆంధ్ర పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే ఆ చుట్టరికము ఒక మనుష్యుని జీవితముతోను, ఒక చిన్న దేశపు చరిత్రతోను ఎట్లు పెనవేసికొనినదో తెలిసికొనుట వేరు సంగతి. అట్టి కథ యొకటి ఫిలిప్పీను దీవులలో నడచినది. ఆ కథకు నాయకుడు నికనోర్ అబెలార్డో. అతడు 1893లో పుట్టి 1934లో, నలువది యొక్క యేండ్లకే, గతించినాడు.

ఫిలిప్పీనులనగానే మనకు భూగోళ పాఠములోని మనీలా నారయు మనీలా త్రాళ్ళును జ్ఞప్తికి వచ్చును. అంతకుమించి ఆ దేశమును గూర్చి మన బడులలో చెప్పునది స్వల్పము. వారి తగాలోగ్ భాషలో ఉపాధ్యాయుని గురో అందురు. ముఖమును ముఖా అందురు. దేవతను దివాతా అందురు. ఏ కాలముననో ఓడలెక్కి పోయిన మన మాటలు అచట నిలిచిపోయి, నేటికిని పిల్లల నోళ్ళలో పలుకుచున్నవి. ఇంత దగ్గరి వారిని గూర్చి మనకింత తక్కువ తెలియుట విచారింపదగినదే. అబెలార్డో కృతులలో మిక్కిలి ప్రసిద్ధమైన దాని పేరులోని మొదటి మాట ముత్యా. దానిని గూర్చి తరువాత చెప్పుదును.

ఏడువేలకు పైబడిన ఆ దీవులను స్పెయిను దేశస్థులు 1565 మొదలుకొని 1898 వరకు ఏలినారు. వారితో క్రైస్తవ మఠములును, మఠములతో గాత్రబృందములును, గిటారు, పియానో, ఫిడేలు మొదలగు వాద్యములును వచ్చినవి. మూడు శతాబ్దములలో ఐరోపా సంగీతము ఆ జనులకు పరాయిది కాకుండ పోయినది. చిత్రలేఖనము సంగతియు నంతే. 1884లో మాడ్రిడు నగర ప్రదర్శనమున హువాన్ లూనా అను ఫిలిప్పీను యువకుడు, రోమను మల్లరంగమున హతులైన వారిని ఈడ్చుకొనిపోవు దృశ్యమును పెద్ద పటముగా వ్రాసి బంగారు పతకము పొందినాడు. ఏలుబడి చేయువారి ఇంటనే వారిని మించిన ఈ సంఘటన ఫిలిప్పీనులలో జాతీయభావము మేల్కొనుటకు ఎంతో తోడ్పడినది. ఆ లూనాకు మనుయెల్ అను సోదరుడుండెడివాడు. అతడు ఫిడేలు విద్వాంసుడు. ఒకే ఇంట కుంచెయు కమానును పక్కపక్కన మెలగుట ఆ దేశమున అరుదు కాదని చెప్పుటకే ఈ మాట యెత్తినాను. అబెలార్డో పుట్టిన ఇల్లును అట్టిదే.

మనీలాకు ఉత్తరమున బులకాన్ అను రాష్ట్రము కలదు. అందు సాన్ మిగేల్ దె మయూమో అను పట్టణమున 1893 ఫిబ్రవరి 7వ తేదీన నికనోర్ జన్మించినాడు. తండ్రి వలెంతిన్ ఛాయాచిత్రకారుడు. పినతండ్రి వరుసయైన హువాన్ అబెలార్డో చిత్రకారుడు. వెలుగును నీడను పట్టి బొమ్మ చేయుటయే ఆ ఇంటివారి వృత్తి. కాని తండ్రికి సంగీతమునందును పరిచయముండినది. బిడ్డకు అయిదేండ్లు వచ్చునప్పటికే స్వరములను పాడించి, బందూరియా అను తీగవాద్యమును చేతికిచ్చినాడు. ఆరేండ్ల వయసున ఆ బాలుడు రోసీనీ రచించిన విలియం టెల్ నాటకపు నాందీ సంగీతమును గిటారుపై వాయించెడివాడని చెప్పుదురు. ఎనిమిదవ యేట ఒక వాల్ట్స్ నృత్యగీతమును కూర్చి తన అవ్వకు అంకితమిచ్చినాడు. దానికి పెట్టిన పేరునకు తొలి మొగ్గ యని అర్థము.

ఈ బాల్యము ప్రశాంతముగ గడచినదనుకొనరాదు. సాన్ మిగేల్ పరిసరములందే బియాక్‌నాబాతో అను కొండగుహల ప్రాంతము కలదు. స్పెయిను వారిపై తిరుగుబాటు చేసిన అగినాల్దో 1897 నవంబరులో ఆ గుహలలోనే ఒక స్వతంత్ర ప్రభుత్వమును ప్రకటించినాడు. నికనోర్ అప్పటికి నాలుగేండ్లు నిండి అయిదవ యేట నున్న పసివాడు. మరుసటి యేట స్పెయిను వెళ్ళినది, అమెరికా వచ్చినది. 1899లో ఫిలిప్పీనులకును అమెరికాకును యుద్ధము మొదలై మూడేండ్లు సాగినది. యజమాని మారినాడే గాని స్వాతంత్ర్యము రాలేదు. అందుకై వారు 1946 వరకు వేచియుండవలసి వచ్చినది. అబెలార్డో దానిని చూడలేదు.

చిన్నతనముననే చిత్రకారుడైన హువాన్ అతనిని మనీలాకు తీసికొనిపోయి తన ఇంట నుంచుకొన్నాడు. అచట చదువుకొనుచు, పదుమూడవ యేటికే నగరములోని పానశాలలలోను నృత్యశాలలలోను పియానో వాయించి సంపాదింప నారంభించినాడు. ఉపాధ్యాయులైన పాఠకులకు ఈ విషయము రుచింపకపోవచ్చును. నాకును రుచింపలేదు. పసివయసున అలవడిన ఆ రాత్రి జీవితము తరువాత అతనిని ఎంతగా బాధించినదో తలచుకొనినచో ఇంకను రుచింపదు. కాని ఆ కాలమున ఫిలిప్పీను వాద్యకారునికి జీతమిచ్చు చోటులు అవియే. షాంఘై, హాంగ్‌కాంగ్ మొదలగు రేవుపట్టణముల హోటళ్ళలోని వాద్యబృందములలోను వారే యుండెడివారు. ఎవరేమి వాయింపుమన్నను వినినంతనే వాయింపగల నేర్పు వారికట్లు అబ్బినది.

పదునేనవ యేట అబెలార్డో తన జిల్లాకు తిరిగివచ్చి సాన్ ఇల్దెఫోన్సో, సాన్ మిగేల్ గ్రామప్రాంతముల బడులలో పంతులుగా పనిచేసినాడు. తానింకను విద్యార్థిగా నుండవలసిన వయసున బెత్తము పట్టిన ఈ కుర్రవాడు, జీవితాంతము బోధనను విడువలేదు.

1916లో ఫిలిప్పీను విశ్వవిద్యాలయము మనీలాలో సంగీత కళాశాలను నెలకొల్పినది. ఇరువదిమూడేండ్ల అబెలార్డో అందులో చేరినాడు. అంతవరకు చెవితోను చేతితోను నేర్చిన దానికి శాస్త్రము తోడైనది. మరుసటి యేట విశ్వవిద్యాలయ గీతమునకై జరిగిన పోటీలో అతడు కూర్చిన స్వరమే బహుమానము పొందినది; ఆ విద్యార్థులు నేటికిని పాడునది ఆ స్వరమునే. 1921లో ఉపాధ్యాయ యోగ్యతాపత్రము వచ్చినది. 1923లో పియానోకును వాద్యబృందమునకును కలిపి కాన్చెర్టో రచించినాడు. ఒక వాద్యము ముందు నిలువగా తక్కిన బృందమంతయు దానితో సంవాదము నెరపు పెద్ద కృతిని కాన్చెర్టో యందురు. ఫిలిప్పీనులలో పుట్టినవాడు పియానోకై వ్రాసిన మొదటి కాన్చెర్టో ఇదియే. 1924లో స్వరరచనా శాఖకు అధిపతి యైనాడు. ఇంతియే కాక, యువ సంగీత విద్యార్థులు నివసించి నేర్చుకొనుటకు సొంతముగా ఒక వసతి పాఠశాలను నడపినాడు. తరువాతి కాలమున ఆ దేశపు జాతీయ కళాకారుడను గౌరవము పొందిన ఆంతొనీనో బువేనవెంతూరా అతని శిష్యులలో నొకడు.

అయితే జనులు అబెలార్డోను ప్రేమించినది ఈ పదవులకును కాన్చెర్టోలకును కాదు. కుందిమాన్ అను ప్రేమగీతములకు. ఈ గీతజాతిని గూర్చి కొంత వివరింపవలెను.

కుందిమాన్ మూడు మాత్రల గతిలో మెల్లగా నడచు పాట. ప్రియురాలి కరుణకై వేడుకొను విరహి మాటలే దానికి సాహిత్యము. వేడుకోలు ఎక్కువగు కొలది అది ఎవరికి చెప్పుచున్నదో అను సందేహము కలుగును. అమెరికా ప్రభుత్వము 1907లో చట్టము చేసి ఫిలిప్పీను పతాకమును ఎగురవేయుట నేరమని శాసించినది. 1919 వరకు ఆ నిషేధము తొలగలేదు. జెండా పట్టరాని కాలమున ప్రేయసి యను మాట చాటున దేశమాతను తలచి పాడుకొనుట తప్పు కాదు గదా. బందీయైన వనిత, చేజారిన ప్రియురాలు, దూరమైన సుఖము అని గాయకుడు పాడుచుండగా, వినువారు తమ అర్థము తాము చేసికొనెడివారు. 1917లో ఫ్రాన్సిస్కో సాంతియాగో అనాక్ దలితా అను కుందిమానును రచించి ఈ జానపద గీతమును విద్వత్సభలలో పాడదగిన కృతిగా చేసినాడు. ఆ పేరులోని దలితా యను మాటను మనవారికి విప్పి చెప్పనక్కరలేదు.

దీని స్వరమార్గమును మన సంప్రదాయపు మాటలలో ఇట్లు చెప్పవచ్చును. కుందిమాన్ మొదటి భాగమున ఇంచుమించు కీరవాణి స్వరములను పట్టి దుఃఖముగా సాగును. రెండవ భాగమున షడ్జము కదలకుండగనే శంకరాభరణము లోనికి మారును. మారునది రెండు స్వరములే: సాధారణ గాంధారము అంతర గాంధారమగును, శుద్ధ ధైవతము చతుశ్శ్రుతి ధైవతమగును. మేళకర్తలు నేర్చిన బాలురెవరైనను హార్మోనియముపై దీనిని పలికించి చూడవచ్చును. అంత చిన్న మార్పుతో చీకటి గదిలో కిటికీ తెరచినట్లగును. పాశ్చాత్యులు పలు స్వరములను ఒక్కసారిగా కలిపి పలికించు పద్ధతిలో ఈ మార్పు మరింత ప్రస్ఫుటముగ వినవచ్చును.

అబెలార్డో ఈ మార్పును నడిపించిన తీరు సాంతియాగో తీరుకంటె భిన్నమైనది. సాంతియాగో పాటలో కంఠమునకే ప్రాధాన్యము. అబెలార్డో పాటలో పియానో వట్టి శ్రుతిపెట్టె వలె కూర్చుండదు. గాయకుడు చెప్పలేక దిగమ్రింగిన దానిని అది చెప్పును. 1923 నాటి నాసాన్ కా ఈరోగ్, అనగా ప్రియా ఎచటనున్నావు అను పాటలోను, 1926 నాటి బిటుయింగ్ మరికిట్, అనగా సుందర తార అను పాటలోను, కంఠము గీచినది రేఖ. పియానో నింపినది రంగు, నీడ, దూరము. ఛాయాచిత్రకారుని కుమారుడును చిత్రకారుని పెంపుడు బిడ్డయు నైనవాడు కనుకనే ఇట్లు కూర్చినాడని రుజువు చేయలేము. కాని ఆ పాటలు వినునప్పుడు నాకు ఆ ఇల్లే గుర్తుకు వచ్చును.

ఆ సంవత్సరములందే అదే విశ్వవిద్యాలయపు చిత్రకళా పాఠశాలలో ఫెర్నాందో అమోర్సోలో బోధించుచుండెను. అతడు అబెలార్డో కంటె ఒక యేడు పెద్ద. 1922లో అతడు వ్రాసిన వరినాట్ల చిత్రము దేశమంతట ప్రసిద్ధి చెందినది. ఎండను మనుష్యుల వెనుకనుండి పడునట్లు పెట్టి, ముఖములను నీడలోను అంచులను వెలుగులోను చూపుట అమోర్సోలో పద్ధతి. నీడలో నిలిచి వెలుగును చూపు ఆ పటములకును, దుఃఖములో మొదలై వెలుగులోనికి తిరుగు కుందిమానుకును పోలిక తోచకపోదు. ఒకరిని చూచి యొకరు చేసినారని అనుటలేదు. పరాయి పాలనలో నున్న జనులు తమ పొలమును, తమ ఏటిని, తమ పడుచుపిల్లను అందముగా చూచుకొనవలెనని తహతహలాడుచుండిరి. ఒకడు కంటికి చూపినాడు, ఒకడు చెవికి వినిపించినాడు. అమోర్సోలోకు మేనమామయు గురువును అయిన ఫాబియాన్ దె లా రోసా 1930లో కుందిమాన్ అను పేరుతోనే ఒక చిత్రము వ్రాసినాడు. పాట అప్పటికే పటముగా కట్టవలసినంత పరిచితమైనదన్నమాట.

ఇక ముత్యా మాట. తగాలోగులో ఆ పదమునకు రత్నమనియు, ప్రియమైన సుందరి యనియు అర్థము. అది భారతీయ భాషలనుండి పోయిన ముత్యమే యని భాషావేత్తల అభిప్రాయము. పాసిగ్ మనీలా గుండ పారు నది. లోపలనున్న పెద్ద సరస్సును మనీలా అఖాతముతో కలుపు ఈ ఏరు సుమారు 25 కిలోమీటర్ల పొడవు మాత్రమే యైనను, మనకు కృష్ణా గోదావరులెట్లో వారికది యట్లు. దెయోగ్రాసియాస్ రొసారియో వ్రాసిన సాహిత్యమునకు అబెలార్డో 1926లో స్వరము కూర్చిన ముత్యా నాంగ్ పాసిగ్ ఈ నదీకన్య కథ. పున్నమిరేయి నీటిపై ఒక స్త్రీరూపము తోచును. ఆమె ఒకప్పుడు ప్రేమ రాజ్యమునకు రాణి. మనుష్యులు ప్రేమించుట మానగా ఆమె రాజ్యము అంతరించినది. మరల ప్రేమించినచో ఆమె మరల బ్రతుకును.

ఈ పాటలో అబెలార్డో రెండు దేశీయ గీతరీతులను జతపరచినాడు. మొదటి భాగము కుమింతాంగ్. అది కుందిమానుకంటె ప్రాచీనమైనది. రెండవది కుందిమాన్. మొదటి భాగమున నది, వెన్నెల, ఆ రూపము దూరమునుండి కనబడుటయు వర్ణితములు. రెండవ భాగమున ఆమెయే మాటలాడును. బయటినుండి చూచిన పటము ఉన్నట్టుండి నోరు తెరచి పలికినట్లుండును. అతని పాటలలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఇదియే. పాటను పటము వలె కూర్చి, ఆ పటమును మాటలాడించుట మరెక్కడను అతనికింత చక్కగా కుదరలేదు. అబెలార్డోల కుటుంబమునకే చెందిన రిచర్డ్ అబెలార్డో, రంగస్థలపు తెరలు వ్రాయుటతో ఆరంభించి చలనచిత్ర దర్శకుడై, 1950లో ఈ పేరుతోనే ఒక చిత్రమును తీసినాడు.

ఇంతటివాడు హాస్యమునకు వెనుదీయలేదు. 1929లో ఒక తగాలోగ్ వారపత్రికలో కెంకోయ్ అను బొమ్మల కథ ప్రారంభమైనది. నూనె రాచి జుట్టు దువ్వి, అమెరికను వేషము వేసి, వచ్చీరాని ఇంగ్లీషు మాటలాడు పట్టణపు సోగ్గాడు ఆ కథానాయకుడు. అబెలార్డో వానిపైనను ఒక పాట కట్టినాడు.

అయితే తన పాటలను దేశమంతయు పాడుచుండగా అతనికి తృప్తి కలుగలేదు. ఇచట కథ మలుపు తిరుగుచున్నది. చిత్రలేఖనములో ఆ మలుపు కొంత ముందుగానే వచ్చినది. 1928 డిసెంబరులో, అమెరికాలో చదివి వచ్చిన విక్టోరియో ఎదాదెస్ అను యువకుడు మనీలాలో తన పటములను ప్రదర్శించినాడు. అందు అమోర్సోలో ఎండ లేదు. బండరాళ్ళను మోయు కూలీల బరువైన దేహములు, మసకరంగులు, వంకరలు పోయిన ఆకారములు ఉన్నవి. చూడవచ్చినవారు విస్తుపోయినారు, పటములలో ఒక్కటైనను అమ్ముడుపోలేదు. అందముగా నున్నదే కళయా అను ప్రశ్న ఆ దేశమున అంత బహిరంగముగా లేచుట అదియే మొదలు.

సంగీతమున ఆ ప్రశ్నను తనకు తాను వేసికొన్నవాడు అబెలార్డో. 1931లో, ముప్పది యెనిమిదేండ్ల వయసున, శాఖాధిపతిగా నున్న పెద్దమనిషి మరల విద్యార్థియై అమెరికాలోని షికాగో సంగీత కళాశాలలో చేరినాడు. అచట అతని గురువు వెస్లీ లా వయోలెట్. ఈయన తరువాత భగవద్గీతను ఆంగ్లమున వెలయించినవాడనుట మనవారికి ఆసక్తికరముగా నుండును. షోన్‌బర్గ్, స్ట్రావిన్‌స్కీ, బార్టోక్ మొదలగువారి నవ్యసంగీతము అబెలార్డోకు అచట పరిచయమైనది. ఆ సంగీతము పుట్టుకయందే చిత్రకళతో ముడిపడియున్నది. 1911 జనవరిలో షోన్‌బర్గ్ కచేరీని మ్యూనిక్ నగరమున విన్న కాందిన్‌స్కీ అను రష్యను చిత్రకారుడు, ఆ అనుభవమునే పసుపు నలుపు రంగుల పటముగా వ్రాసినాడు. షోన్‌బర్గ్ తానును పటములు వ్రాసెడివాడు. ఆధారషడ్జము లేని సంగీతమును, ఆకారము లేని చిత్రమును తోడబుట్టినవి.

ఈ రెండేండ్లలో అబెలార్డో రచించినవి వేరు లోకమునకు చెందినవి. ఫిడేలు సోనాటా, తీగవాద్యముల సింఫోనియెట్టా మొదలగు కృతులలో కుందిమాన్ తీపి లేదు. స్వరములు ఒకదానితో నొకటి ఒరసికొనును. ఒక కృతికి పానొరమాస్, అనగా విశాల దృశ్యములు, అని పేరు పెట్టినాడు. ఫ్లూటు, ఫిడేలు, వియోలా, చెలెస్టా, పియానో అను అయిదు వాద్యములు మాత్రమే అందు పాల్గొనును. దృశ్యములని పేరు పెట్టియు, పాసిగ్ వెన్నెల వంటి చూడముచ్చటైన దృశ్యము నొక్కదానిని అందు చూపలేదు. చిత్రకళను విడిచిపెట్టినాడనరాదు. అతడు విడిచినది పాత చిత్రమును.

కొందరు విమర్శకులు ఈ మార్పును పరదేశపు మోజు అందురు. నాకట్లు తోచదు. కీర్తియు ఉద్యోగమును పొందిన తరువాత, తనకు కీర్తి తెచ్చిన దానిని పక్కకు నెట్టి, ఓనమాలు దిద్దినట్లు కొత్తవిద్యకు కూర్చుండుట మోజు వలన జరుగు పని కాదు. బిటుయింగ్ మరికిట్ వంటివి మరి యిరువది వ్రాసినను జనులు సంతోషముతో పాడుకొని యుందురు. అతనికా సంగతి తెలియక కాదు.

1932లో స్వదేశమునకు తిరిగివచ్చి మరల బోధనకు పూనుకొన్నాడు. నేర్చుకొనివచ్చిన దానిని దేశీయ సంగీతముతో సంధించుటకు వలసినంత కాలము అతనికి దొరకలేదు. నృత్యశాలల దినములనుండి వెన్నంటి వచ్చిన త్రాగుడు ఆరోగ్యమును తినివేసినది. 1934 మార్చి 21వ తేదీన మరణించినాడు. ఎదాదెస్ తన ప్రదర్శనము తరువాత అర్ధశతాబ్దమునకు పైగా జీవించి, శిష్యులను చేరదీసి, తన వాదమును నెగ్గించుకొన్నాడు. అబెలార్డోకు మిగిలినది రెండు సంవత్సరములు.

అందుచేతనే కాబోలు, ఫిలిప్పీనులలో అబెలార్డో పేరు చెప్పినచో వెంటనే పాడబడునది ముత్యా నాంగ్ పాసిగ్. షికాగో కృతులు వినవచ్చుట అరుదు. విశ్వవిద్యాలయపు సంగీత కళాశాల భవనమునకు అతని పేరు పెట్టినారు. 1969లో మనీలా సముద్రతీరమున ప్రారంభమైన ఫిలిప్పీను సాంస్కృతిక కేంద్రమునందలి ప్రధాన రంగశాలకును అతని పేరే. ఆ రంగశాల ముందరి తెర మామూలు ముఖమల్ గుడ్డ కాదు. ఎదాదెస్ వెంట నడచిన నవ్యచిత్రకారులలో నొకడైన హెర్నాందో ఒకాంపో వ్రాసిన సృష్టి యను చిత్రమును జపానులో నేయించి అందు వ్రేలాడదీసినారు. అందు నది లేదు, వెన్నెల లేదు, స్త్రీరూపము లేదు. ఎర్రని, పచ్చని ఆకారములు నిప్పురవ్వల వలె ఒకదానిలో నుండి యొకటి పుట్టుచుండును. అబెలార్డో పేరు గల ఆ సభాభవనమున వాద్యబృందము కనబడుటకు ముందు ప్రేక్షకులకు ఎదురగునది ఆ పటమే.